పొరుగు తీరంలో పడవ కొంటే: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఈసారి విశాఖపట్నం, దాని పరిసరాల నుంచి వచ్చిన ఉత్తరాలలో శ్రీలంకలో పడవ కొనడాన్ని గురించినవే ఎక్కువగా ఉన్నందున శీర్షిక మొత్తాన్ని ఆ విషయానికే కేటాయిస్తున్నాం. జవాబులలోకి వెళ్లే ముందు ఒక మాట. దిగుమతి పన్నును పడవ కొన్న రోజున ఉన్న రేటు ప్రకారం లెక్కకట్టరు. ఇక్కడ కస్టమ్స్‌లో బిల్ ఆఫ్ ఎంట్రీ (దిగుమతి వివరాల పత్రం) దాఖలు చేసిన రోజున అమలులో ఉన్న రేటు వర్తిస్తుంది. పడవ రాకముందే బిల్లు దాఖలు చేసినట్లయితే, పడవకు రేవు ప్రవేశం లభించిన రోజు రేటు తీసుకుంటారు. కాబట్టి బేరం ఒక బడ్జెట్టుకు ముందు, రాక ఆ తర్వాత ఉండేటట్లయితే కొంత సొమ్ము అదనంగా చేతిలో పెట్టుకోవడం మంచిది.

ప్రశ్న: నేను ఓడలలో ఇంజనీరుగా పనిచేసి పదవీ విరమణ చేశాను. శ్రీలంకలోని గాలే రేవులో 34 అడుగుల ఫైబర్ తెరచాప పడవ ఒకటి అమ్మకానికి ఉంది. అది ఐరోపాలో తయారై పాతికేళ్లు దాటింది. యజమాని కూడా ఐరోపా దేశస్థుడే. విశాఖకు తెచ్చే ఖర్చు, బీమా కలుపుకొని 30 లక్షల రూపాయలు అవుతుంది. రెండు దేశాల మధ్య స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం ఉంది కనుక సుంకం పడదని కొలంబోలోని మిత్రుడు అంటున్నాడు. ఇది నిజమేనా? ఏయే కాగితాలు సిద్ధం చేసుకోవాలి?
– ఎం.వి.పి. కాలనీ పాఠకుడు

జవాబు: ఒప్పందం ఉన్న మాట నిజమే. 1998 డిసెంబరులో సంతకాలు జరిగి, 2000 మార్చి 1 నుంచి అది అమలులో ఉంది. అయితే ఆ రాయితీ శ్రీలంకలో తయారైన వస్తువులకే గాని, శ్రీలంకలో అమ్ముడుపోయిన వస్తువులన్నింటికీ కాదు. మీ పడవ ఐరోపాలో తయారైంది. అది గాలే రేవులో ఎన్నేళ్లు లంగరు వేసుకుని ఉన్నా, దాని పుట్టుక మారదు. అమ్మేవారు ఏ దేశస్థులు, డబ్బు ఏ దేశంలో చేతులు మారింది అనేవి మన కస్టమ్స్ దృష్టిలో అప్రస్తుతం. ఆ పడవ ఎక్కడ తయారైంది, కొత్తదా పాతదా, ఏ పని కోసం తెస్తున్నారు అనే మూడు ప్రశ్నలే పన్నునూ అనుమతులనూ నిర్ణయిస్తాయి. అడ్వాన్సు ఇవ్వకముందే ఈ మూడింటికీ కాగితం మీద జవాబు రాబట్టుకోవాలి.

ముందు పన్ను సంగతి చూద్దాం. విహారానికి, క్రీడలకు వాడే పడవలన్నీ కస్టమ్స్ పట్టికలో 8903 శీర్షిక కిందకు వస్తాయి. 2025 బడ్జెట్టు వీటి మీద ఉన్న 25 శాతం మూల సుంకాన్ని 20 శాతానికి తగ్గించింది. ఆ వార్త చదివి సంతోషించినవారు దాని పక్కనే ఉన్న రెండో వాక్యాన్ని గమనించలేదు. అదే బడ్జెట్టు 7.5 శాతం వ్యవసాయ మౌలిక వసతుల సెస్సును కొత్తగా చేర్చి, అంతకుముందు మూల సుంకం మీద పదో వంతుగా వసూలయ్యే సాంఘిక సంక్షేమ సర్‌చార్జిని తొలగించింది. పాత లెక్క ప్రకారం 27.5 శాతమే, కొత్త లెక్క ప్రకారమూ 27.5 శాతమే. నిజంగా పెరిగినది జి.ఎస్.టి. 2025 సెప్టెంబరు 22 నుంచి విహార నౌకల మీద పన్ను 28 శాతం నుంచి 40 శాతానికి చేరింది. తెడ్డు పడవలు, కనూలు మాత్రం 18 శాతానికి దిగాయి. దిగుమతిలో ఈ పన్నునే ఐ.జి.ఎస్.టి. పేరిట కస్టమ్స్ వసూలు చేస్తుంది. దానిని కేవలం పడవ విలువ మీద కాక, విలువకు సుంకమూ సెస్సూ కలిపిన మొత్తం మీద లెక్కకడతారు.

మీ 30 లక్షలకు ఈ లెక్క వేస్తే మూల సుంకం 6 లక్షలు, సెస్సు 2 లక్షల 25 వేలు అవుతాయి. రెండూ కలిపితే విలువ 38 లక్షల 25 వేలకు చేరుతుంది. దాని మీద 40 శాతం అంటే 15 లక్షల 30 వేలు. పన్నుల మొత్తం 23 లక్షల 55 వేలు కాగా, పడవ మీ చేతికి వచ్చేసరికి 53 లక్షల 55 వేలు ఖర్చవుతుంది. అంటే విలువలో 78.5 శాతం పన్నుకే పోతుంది. ఈ అంకెను కాగితం మీద వేసుకుని, ఇంట్లోవారికి చూపించి, ఆ తర్వాతనే గాలేకు విమానం టిక్కెట్టు కొనుక్కోవాలని నా సలహా.

పన్ను కట్టగల స్తోమత ఉన్నంత మాత్రాన పడవను తెచ్చుకునే హక్కు వచ్చినట్లు కాదు. 2023 విదేశీ వాణిజ్య విధానం ప్రకారం, మూలధన వస్తువులు (ఉత్పత్తికి, సేవలకు వాడే యంత్రాల వంటివి) కాని పాత వస్తువుల దిగుమతి నియంత్రిత జాబితాలో ఉంది. సొంత విహారానికి తెచ్చుకునే పాత పడవ మూలధన వస్తువు కాదు కనుక, విదేశీ వాణిజ్య డైరెక్టరేట్ జనరల్ నుంచి ముందుగా అధికార పత్రం పొందవలసి ఉంటుంది. ఆ సంస్థకు విశాఖలోనూ ప్రాంతీయ కార్యాలయం ఉంది. సొంత వాడకానికి తెచ్చుకునేవారికి ఐ.ఇ.సి. (దిగుమతి, ఎగుమతిదారుల కోడ్) సంఖ్య నుంచి మినహాయింపు ఉన్నప్పటికీ, అధికార పత్రానికి దరఖాస్తు చేయవలసిన మీరు దానిని తీసుకోవడమే సులువు. మీ పాన్ సంఖ్యే ఐ.ఇ.సి. సంఖ్య అవుతుంది. అధికార పత్రం చేతిలో లేకుండా పడవ రేవుకు వస్తే దానిని స్వాధీనం చేసుకునే అధికారం కస్టమ్స్ చట్టంలోని 111వ సెక్షన్ కింద అధికారులకు ఉంది. జరిమానా కట్టించుకుని విడిచిపెట్టే అవకాశమూ ఆ చట్టంలోనే ఉంది గాని, అది అధికారి విచక్షణ. దానిని నమ్ముకుని బయలుదేరకూడదు.

ఇక అమ్మేవారి కాగితాలు. ఇంటి స్థలం కొనేటప్పుడు ఇ.సి. తీయించి చూసినట్లే, పడవకు కూడా అది ఏ దేశపు రిజిస్టరులో ఉందో ఆ రిజిస్టరు నకలు తెప్పించి, తాకట్లు ఏమైనా నమోదై ఉన్నాయేమో చూడాలి. బ్రిటిష్ రిజిస్టరులో నౌక యాజమాన్యం 64 వాటాలుగా ఉంటుంది. మన 1958 వాణిజ్య నౌకాయాన చట్టంలో 10 వాటాలుగా ఉంటుంది. భార్యాభర్తల పేర్లనో, ఇద్దరు మిత్రుల పేర్లనో వాటాలు పంచుకుని ఉంటే అమ్మకపు పత్రం మీద అందరూ సంతకం చేయాలి. ఒక్కరి సంతకంతో వచ్చిన పత్రం ఎంత అందంగా టైపు చేసినదైనా మీకు పూర్తి హక్కు ఇవ్వదు. అమ్మకం పూర్తయ్యాక పాత రిజిస్టరు నుంచి పేరు తొలగించినట్లు ధ్రువపత్రం తీసుకోవడం అన్నింటికన్నా ముఖ్యం, ఎందుకంటే ఒక పడవ ఏకకాలంలో రెండు దేశాల జెండాల కింద ఉండడానికి వీలులేదు.

గాలేలో కనిపించే విదేశీ పడవలను గురించి మరొకటి అడిగి తెలుసుకోవాలి. యజమాని ఆ పడవకు శ్రీలంకలో దిగుమతి సుంకం చెల్లించాడా, లేక యాత్రికుడిగా తాత్కాలికంగా నిలుపుకున్నాడా? తాత్కాలికంగా వచ్చిన పడవ అక్కడ చేతులు మారుతున్నదంటే అక్కడి కస్టమ్స్‌కు ముందుగా చెప్పవలసిన విషయమే. శ్రీలంక కస్టమ్స్ ఇచ్చిన ఎగుమతి పత్రం, రేవు విడిచి వెళ్లడానికి ఇచ్చిన అనుమతి పత్రం మీ దగ్గర లేకపోతే విశాఖలో మీరు చెప్పే కథకు ఆధారం ఉండదు. ఒకవేళ వ్యాపార సంస్థ నుంచి కొంటున్నట్లయితే, శ్రీలంకలో 2024 జనవరి నుంచి 18 శాతంగా ఉన్న వ్యాట్ ఎగుమతులకు సున్నా రేటుతో వర్తిస్తుంది కనుక, ఆ పన్నును బిల్లులో వేయనివ్వకండి.

పడవను ఓడ మీద వేసి తేవచ్చు, తెరచాప ఎత్తి మీరే నడుపుకుంటూ రావచ్చు. గాలే నుంచి శ్రీలంక తూర్పు తీరంలోని తిరుకోణమలై (ట్రింకోమలీ) చేరాక, అక్కడి నుంచి విశాఖకు నేరుగా దాదాపు 550 నాటికల్ మైళ్లు. మీ వృత్తి అనుభవానికి అది పెద్ద దూరమేమీ కాదు. అయితే అక్టోబరు నుంచి డిసెంబరు దాకా బంగాళాఖాతం ఎలా ఉంటుందో 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ చూసిన ఊరివారికి వేరే చెప్పనక్కరలేదు. బీమా సంస్థ కూడా తేదీలు చూసే పాలసీ ఇస్తుంది. నడుపుకుంటూ వచ్చిన పడవ చట్టం దృష్టిలో ఒకేసారి వాహనమూ, దిగుమతి సరుకూ అవుతుంది. అందువల్ల అది ప్రకటిత కస్టమ్స్ రేవుకే చేరాలి. రుషికొండ దగ్గరో, భీమిలి దగ్గరో ముందు లంగరు వేసి, సోమవారం పొద్దున్న కస్టమ్స్ కార్యాలయానికి వెళ్దామనుకుంటే కుదరదు. తూర్పు నౌకాదళ ప్రధాన కేంద్రం ఉన్న తీరం కనుక, ముందస్తు సమాచారం లేని విదేశీ జెండా పడవ విషయంలో నౌకాదళమూ తీర రక్షక దళమూ ఏమాత్రం ఉపేక్షించవు. రేవులో ఒక ఏజెంటును ముందే నియమించుకుని, పడవ వివరాలు, సిబ్బంది పాస్‌పోర్టుల వివరాలు, రాక తేదీ ఆయన ద్వారా అధికారులందరికీ చేర్పించండి.

శ్రీలంక నుంచి సముద్ర మార్గాన వచ్చే సరుకుకు బిల్ ఆఫ్ ఎంట్రీని అది చేరే రోజు ముగిసేలోగా దాఖలు చేయాలి. ఆలస్యమైతే మొదటి మూడు రోజులకు రోజుకు 5,000 రూపాయలు, ఆ తర్వాత రోజుకు 10,000 రూపాయల చొప్పున రుసుము పడుతుంది. గాలి మీద ఆధారపడి వచ్చే పడవకు ఈ నిబంధన కొంచెం కఠినమే. ముందుగానే దాఖలు చేసి ఉంచడం ఒక్కటే మార్గం. విలువ కట్టడంలో రవాణా ఖర్చు తెలియకపోతే పడవ ధరలో 20 శాతాన్ని, బీమా తెలియకపోతే 1.125 శాతాన్ని అధికారులు కలుపుతారు. నడుపుకుంటూ వచ్చిన పడవకు ఇంధనం, సిబ్బంది జీతాలు, రేవు రుసుములు కలిపినా 20 శాతం కాకపోవచ్చు. కాబట్టి డీజిలు రసీదు మొదలుకొని ప్రతి కాగితాన్నీ దాచిపెట్టండి. పాత పడవకు మీరు చెప్పిన ధరను యథాతథంగా నమ్మరు కనుక, కొనడానికి ముందు స్వతంత్ర మెరైన్ సర్వేయరు చేత చేయించిన తనిఖీ నివేదిక రెండు విధాలా ఉపయోగపడుతుంది. పడవ అడుగు భాగంలో నీరు పీల్చిన ఫైబరు మీకు తెలుస్తుంది, ధర ఎందుకు తక్కువో కస్టమ్స్‌కు తెలుస్తుంది.

చివరగా ఇక్కడి నమోదు. 1958 చట్టం ప్రకారం నికర టన్నేజీ 15 టన్నులకు మించకుండా, భారత తీరం వెంబడి మాత్రమే తిరిగే నౌకకు ఆ చట్టం కింద నమోదు తప్పనిసరి కాదు. మీ పడవ పరిమాణానికి ఈ మినహాయింపు సరిపోయే అవకాశమే ఎక్కువ. కాని ఏదో ఒక సంవత్సరం మళ్లీ గాలేకో, మాల్దీవులకో వెళ్లాలనే ఆలోచన ఉంటే మినహాయింపు పనికిరాదు, నమోదు చేయించుకోవాలి. విదేశంలో కొన్న పడవకు ఆ రేవులోనే భారత కాన్సులర్ అధికారి తాత్కాలిక ధ్రువపత్రం ఇచ్చే ఏర్పాటు కూడా ఆ చట్టంలో ఉంది. దాని గడువు ఆరు నెలలు, లేదా పడవ భారతీయ రేవుకు చేరేవరకు, ఏది ముందైతే అది. 2025లో పార్లమెంటు కొత్త వాణిజ్య నౌకాయాన చట్టాన్ని ఆమోదించినందున, ఏ ఫారాలు నింపాలో దరఖాస్తు చేసే నాటికి విశాఖలోని మర్కంటైల్ మెరైన్ డిపార్ట్‌మెంట్‌లో అడిగి తీసుకోండి.

ప్రశ్న: కొలంబోలో పడవ బేరం కుదిరింది. అమ్మే అతను సగం సొమ్ము బ్యాంకు ద్వారా, సగం అక్కడ నగదుగా ఇమ్మంటున్నాడు. అక్కడ ఉన్న మా బంధువు నగదు సర్దుతానన్నాడు, నేను ఇక్కడ రూపాయలలో ఆయన కుటుంబానికి ఇచ్చేస్తాను. అభ్యంతరమేమైనా ఉందా?
– సీతమ్మధార పాఠకుడు

జవాబు: ఉంది, అది చిన్నదేమీ కాదు. అధీకృత బ్యాంకు ద్వారా కాకుండా, విదేశంలో మీ తరఫున ఒకరు చెల్లించి ఇక్కడ మీరు రూపాయలలో సర్దుబాటు చేయడాన్ని విదేశీ మారకద్రవ్య నిర్వహణ చట్టం, అంటే ఫెమా, అనుమతించదు. ఉల్లంఘన జరిగిన మొత్తానికి మూడు రెట్ల వరకు జరిమానా విధించవచ్చు. అంతటితో ఆగదు. బ్యాంకు ద్వారా వెళ్లిన సగాన్నే ధరగా కస్టమ్స్‌కు చూపితే అది విలువ తగ్గించి చూపడం అవుతుంది. అలాంటి సందర్భంలో ఐదేళ్ల వెనక్కి వెళ్లి కూడా సుంకం అడగడానికి కస్టమ్స్ చట్టం అధికారమిస్తోంది. మొత్తం నిజమే చూపుదామంటే నగదు ఎలా చెల్లించారన్న ప్రశ్నకు మీ దగ్గర జవాబు ఉండదు.

సరైన పద్ధతి ఇది: మీరు పడవను భారతదేశానికి తెస్తున్నారు కనుక దానిని దిగుమతి చెల్లింపుగా బ్యాంకుకు చూపండి. అమ్మకపు ఒప్పందం, ప్రొఫార్మా బిల్లు, పాత పడవ అయితే అధికార పత్రం ఇస్తే బ్యాంకు సొమ్ము పంపుతుంది. అడ్వాన్సు పంపిన తర్వాత పడవ నిజంగా వచ్చిందని రుజువుగా బిల్ ఆఫ్ ఎంట్రీ బ్యాంకు లెక్కలో నమోదు కావాలి. కాకపోతే బ్యాంకు నుంచి వరుసగా ఉత్తరాలు మొదలవుతాయి. బేరం తప్పిపోతే అడ్వాన్సు తిరిగి ఇవ్వాలనే షరతును ఒప్పందంలో రాయించుకోండి. ఆ సొమ్ము మళ్లీ బ్యాంకు ద్వారానే రావాలి.

ప్రశ్న: మాది చిన్న పర్యాటక సంస్థ. శ్రీలంకలో తయారుచేసిన కొత్త ఫైబరు పడవను, 30 మంది కూర్చునే దానిని, కొని విశాఖ తీరంలో నడపాలనుకుంటున్నాం. మా ఆడిటరు 40 శాతం పన్ను అంటున్నారు, పడవ అమ్మేవారు 5 శాతమే అంటున్నారు. ఎవరి మాట నమ్మాలి? కట్టిన జి.ఎస్.టి.ని మినహాయించుకోవచ్చా?
– గాజువాక పాఠకురాలు

జవాబు: ఇద్దరూ రెండు వేర్వేరు పడవలను మనసులో పెట్టుకుని మాట్లాడుతున్నారు, అందుకే తేడా వచ్చింది. ప్రయాణికులను చేరవేయడానికి నిర్మించిన విహార యాత్రా పడవలు, ఫెర్రీలు 8901 శీర్షిక కిందకు వస్తాయి, వాటి మీద జి.ఎస్.టి. 5 శాతం. వేగంగా నడిచే సొంత విహారపు పడవలు, యాట్‌లు 8903 కిందకు వస్తాయి, అక్కడ 40 శాతం. ఏ శీర్షిక అన్నది మీరు దానితో చేయబోయే వ్యాపారాన్ని బట్టి కాక, పడవ నిర్మాణాన్ని బట్టి తేలుతుంది. వరుసగా 30 సీట్లు, ప్రయాణికుల లైఫ్ జాకెట్ల అరలు, ఎక్కిదిగే ద్వారం, ప్రయాణికుల సంఖ్యను పేర్కొనే నిర్మాణ ధ్రువపత్రం ఉన్న పడవ ఒకటి. అదే అచ్చులో పోసి వెనుక సోఫా, ముందు ఎండ కాచుకునే చాప వేసిన పడవ మరొకటి. డ్రాయింగులు, తయారీదారు ఇచ్చే సాంకేతిక వివరాల పత్రం ముందే తెప్పించి కస్టమ్స్ బ్రోకరుకు చూపించండి. సందేహం ఉంటే ముందస్తు నిర్ణయం కోరే విధానం కస్టమ్స్ చట్టంలోనే ఉంది. పడవ రేవుకు వచ్చాక వాదించడం కన్నా అది చాలా చవక.

మీ పడవ శ్రీలంకలోనే తయారవుతున్నది కనుక మొదటి ప్రశ్న అడిగిన పాఠకుడికి దొరకని ఒప్పందపు రాయితీని మీరు కోరవచ్చు, అయితే దానికి షరతులున్నాయి. ముందు ఆ శీర్షిక మన దేశం పెట్టుకున్న ప్రతికూల జాబితాలో (రాయితీ వర్తించని వస్తువుల జాబితాలో) లేదని చూసుకోవాలి. తర్వాత, పడవ ఎగుమతి విలువలో కనీసం 35 శాతం శ్రీలంకలో జరిగిన విలువ జోడింపు అయి ఉండాలి. భారతీయ ముడిసరుకు వాడితే ఆ భాగాన్ని కలుపుకోవచ్చు గాని, అప్పుడు కూడా శ్రీలంక వాటా 25 శాతానికి తగ్గకూడదు. ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. పడవ శరీరం అక్కడే పోసినా, జపాను ఇంజన్లు రెండు, దిగుమతి చేసుకున్న రెసిన్, అమెరికా పరికరాలు తీసేసి లెక్కవేస్తే మిగిలేది 35 శాతం ఉంటుందా? ఖర్చుల పట్టిక తయారీదారును అడగండి. ఇవ్వడానికి వెనుకాడితే ఆ రాయితీని లెక్కలో వేసుకోకండి.

ఉత్పత్తి మూలాన్ని ధ్రువీకరించే పత్రాన్ని శ్రీలంక వాణిజ్య శాఖ జారీ చేస్తుంది. ఆ కాగితం ఉంటే చాలునన్న కాలం 2020 సెప్టెంబరు 21తో పోయింది. ఆ రోజు నుంచి అమలులోకి వచ్చిన నిబంధనల ప్రకారం, మూలం గురించిన సమాచారమంతా దిగుమతిదారు దగ్గరే ఉండాలి, అడిగితే చూపాలి, ఐదేళ్లు భద్రపరచాలి. ఒప్పందం వల్ల తగ్గేది మూల సుంకమే గాని ఐ.జి.ఎస్.టి. కాదు. 5 శాతమైనా 40 శాతమైనా అది కట్టవలసిందే.

మినహాయింపు విషయంలో మీ పరిస్థితి మెరుగు. నౌకల మీద కట్టిన పన్నుకు ఇన్‌పుట్ క్రెడిట్‌ను, అంటే ఆ పన్నును మినహాయించుకునే వీలును, జి.ఎస్.టి. చట్టంలోని 17వ సెక్షన్ సాధారణంగా నిరాకరిస్తుంది. ప్రయాణికుల రవాణా, సరుకు రవాణా, నావిక శిక్షణ, తిరిగి అమ్మకం అనే నాలుగు అవసరాలకు మాత్రం అనుమతిస్తుంది. మీరు టిక్కెట్టు మీద ప్రయాణికులను తిప్పి, ఆ ఆదాయం మీద పన్ను కడుతుంటే క్రెడిట్ కోరవచ్చు. అదే పడవను సంస్థ డైరెక్టర్ల ఆదివారపు షికారుకు వాడితే ఆ వాదన నిలవదు. నడిపే ముందు సర్వే, ప్రయాణికుల సంఖ్యకు అనుమతి, సిబ్బంది అర్హత పత్రాలు, బీమా అన్నీ ఉండాలి. గోదావరి వంటి లోతట్టు జలాలలో కూడా నడపాలనుకుంటే 2021 లోతట్టు నౌకల చట్టం కింద నమోదు వేరుగా కావాలి. 2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర జరిగిన ఘోరం తర్వాత పర్యాటక పడవల కాగితాలను చూసీ చూడనట్లు వదిలేస్తారని మన రాష్ట్రంలో ఎవరూ అనుకోకూడదు.

ప్రశ్న: మా నాన్నగారు, మేము చేపల వేట మీద బతుకుతున్నాం. శ్రీలంకలో రోజుల తరబడి సముద్రంలో ఉండి ట్యూనా పట్టే పాత బోట్లు చవకగా వస్తాయని విన్నాం. ఒకటి తెచ్చుకుంటే లాభమా?
– పెదజాలారిపేట పాఠకుడు

జవాబు: చేపల పడవల మీద జి.ఎస్.టి. 5 శాతమే కనుక పన్ను మిమ్మల్ని అంతగా బాధించదు. అయినా నేను వద్దనే అంటాను. ఆ బోటుతో వేటకు వెళ్లాలంటే అది రియల్‌క్రాఫ్ట్ పోర్టల్‌లో భారతీయ చేపల పడవగా నమోదై, రాష్ట్ర మత్స్యశాఖ లైసెన్సు పొంది ఉండాలి. 2025 నవంబరులో వచ్చిన ప్రత్యేక సముద్ర ఆర్థిక మండలి (ఇ.ఇ.జెడ్.) నిబంధనల ప్రకారం, మరపడవలు తీర జలాలు దాటి లోతు సముద్రంలోకి వెళ్లడానికి అదే పోర్టల్ ద్వారా యాక్సెస్ పాస్ తీసుకోవాలి. శ్రీలంకలో కట్టి, అక్కడి రిజిస్టరులో పేరున్న పాత బోటుకు ఈ నమోదు దొరికే లోపు ఒక వేట కాలం గడిచిపోవచ్చు.

దానికన్నా ప్రధాన మంత్రి మత్స్య సంపద యోజనను గురించి అడగండి. సంప్రదాయ మత్స్యకారులు లోతు సముద్రపు వేట నౌక కట్టించుకోవడానికి ఆ పథకం 2020లో యూనిట్ వ్యయాన్ని 1 కోటి 20 లక్షలుగా నిర్ణయించి, అందులో 40 శాతం, మహిళలకు, ఎస్సీ, ఎస్టీ వర్గాలకు 60 శాతం సాయం ప్రకటించింది. విదేశం నుంచి తెచ్చిన పాత బోటును ఆ సాయంలో చూపలేరు. ప్రస్తుతం దరఖాస్తులు తీసుకుంటున్నారో లేదో మత్స్యశాఖ జిల్లా కార్యాలయంలో కనుక్కుని, నాన్నగారిని వెంట తీసుకువెళ్లి మాట్లాడండి.

ప్రశ్న: పడవను విశాఖకు తేకుండా తిరుకోణమలైలోనే ఉంచి, సెలవులలో మేమే అక్కడికి వెళ్తే ఈ సుంకాల బాధ తప్పుతుంది కదా?
– భీమునిపట్నం పాఠకురాలు

జవాబు: కస్టమ్స్ బాధ తప్పుతుంది, ఆదాయపు పన్ను శాఖతో పని మొదలవుతుంది. పడవ మన దేశానికి రావడం లేదు కనుక మీరు పంపే సొమ్ము దిగుమతి చెల్లింపు కాదు. వ్యక్తులు ఆర్థిక సంవత్సరంలో 2 లక్షల 50 వేల డాలర్ల వరకు పంపుకోగల సరళీకృత పథకం కిందకు వస్తుంది. ఆ ఏడాది పంపినది 10 లక్షల రూపాయలు దాటితే, దాటిన భాగం మీద బ్యాంకు 20 శాతం టి.సి.ఎస్. (ముందుగానే వసూలు చేసే పన్ను) పట్టుకుంటుంది. అది మీ ఆదాయపు పన్నులో సర్దుబాటవుతుంది, మిగిలితే తిరిగి వస్తుంది, కాని కొన్ని నెలలు మీ సొమ్ము అక్కడ ఉంటుంది.

పడవ మీ పేరున ఉన్నంత కాలం రిటర్నులోని విదేశీ ఆస్తుల పట్టికలో దానిని చూపించడమే క్షేమం. ఆ పట్టిక మన ఆర్థిక సంవత్సరాన్ని కాక, డిసెంబరు 31తో ముగిసే సంవత్సరాన్ని అనుసరిస్తుంది. విదేశీ ఆస్తి ఉన్నవారు ఐ.టి.ఆర్.–1 ఫారం వాడకూడదు. చూపనివారికి 2015 నల్లధన చట్టం కింద 10 లక్షల రూపాయల జరిమానా ఉంది. స్థిరాస్తి కాని విదేశీ ఆస్తుల మొత్తం విలువ 20 లక్షలకు మించని వారికి 2024 అక్టోబరు నుంచి ఆ జరిమానా నుంచి సడలింపు ఇచ్చారు. ఒకప్పుడు సొంత పడవలను సంపద పన్ను లెక్కలో కూడా చేర్చేవారు. 2015 ఫైనాన్స్ చట్టంతో ఆ పన్నే రద్దయింది కనుక ఆ భయం లేదు. అయితే ఏటా రేవు అద్దె, కాపలా, పడవ అడుగున పట్టే నాచు గీకించే ఖర్చు విదేశీ మారకంలో పంపుతూనే ఉండాలని గుర్తుంచుకోండి.

ప్రశ్న: కొనబోయే పడవలో రేడియో, ఉపగ్రహ ఫోను, ప్రమాద సంకేత పరికరం అన్నీ ఉన్నాయి. వాటికి వేరే కాగితాలు కావాలా?
– ద్వారకానగర్ పాఠకుడు

జవాబు: కావాలి. ముందుగా ఉపగ్రహ ఫోను తురయా లేదా ఇరిడియం రకానిదైతే, దానిని అక్కడే అమ్మేవారికి వదిలి రండి. అనుమతి లేకుండా వాటిని మన దేశంలో వాడడం నిషిద్ధం. పడవలో మరచిపోయి తెచ్చామన్నా పోలీసు కేసు వరకు వెళ్లే విషయమది. వి.హెచ్.ఎఫ్. రేడియోకు భారత ప్రభుత్వ వైర్‌లెస్ లైసెన్సు, దానితో పాటు రేడియోలో పడవను గుర్తించే తొమ్మిది అంకెల ఎం.ఎం.ఎస్.ఐ. సంఖ్య తీసుకోవాలి. శ్రీలంక పడవల సంఖ్య 417తో, మన పడవల సంఖ్య 419తో మొదలవుతుంది. జెండా మారినా రేడియోలోను, పడవ ఎక్కడ ఉందో ప్రసారం చేసే ఎ.ఐ.ఎస్. పరికరంలోను పాత సంఖ్య ఉండిపోతే తీర రక్షక దళం తెర మీద మీ పడవ పరాయి దేశపు పడవగానే కనిపిస్తుంది.

ప్రమాద సంకేత పరికరంలో కూడా అదే సంఖ్య, దేశపు గుర్తు నిక్షిప్తమై ఉంటాయి. అధీకృత సాంకేతిక నిపుణుడి చేత దానిని మార్పించి, బెంగళూరులోని ఇస్రో కేంద్రంలో మీ పేరు, ఇంటి ఫోను నంబరుతో నమోదు చేయించండి. మార్పించకపోతే ఆపదలో మీరు నొక్కిన మీట మొదట పాత యజమాని దేశంలో మోగుతుంది. అక్కడివారు ఆయనకు ఫోను చేస్తే, పడవ అమ్మేశానని ఆయన చెబుతాడు. బ్యాటరీ గడువు తేదీని కూడా కొనే రోజునే చూసుకోండి. గడువు తీరిన పరికరాన్ని బేరంలో ధరకట్టి తీసుకోవలసిన పని లేదు.